కనబడని కన్ను, మారే నడవడి: కాపరి పరిచర్య దృష్ట్యా ఒక పరిశీలన

మా సంఘంలో కానుకల పెట్టె రెండుసార్లు పగిలింది. రెండవసారి తరువాత, 2018లో, పాస్టరేట్ కమిటీ కూడి దేవాలయంలో సీసీ కెమెరాలు అమర్చాలని తీర్మానించింది. ఆ తీర్మానానికి చేయి ఎత్తినవారిలో నేనూ ఉన్నాను. నాలుగు కెమెరాలు వచ్చాయి. గేటు దగ్గర ఒకటి, కానుకల పెట్టె పైన ఒకటి, వెనుక తలుపు దగ్గర ఒకటి. నాలుగవది మందిరమంతా కనబడేలా ప్రసంగ వేదిక పై భాగాన బిగించారు. ఆ దృశ్యాలు కార్యదర్శిగారి సెల్‌ఫోనులోను, కోశాధికారిగారి సెల్‌ఫోనులోను ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. పెట్టె మళ్ళీ పగలలేదు. ఈ మాట ముందుగానే చెప్పడం న్యాయం.

తెల్లవారుజామున ఐదు గంటలకు దేవాలయంలో ఒంటరిగా ప్రార్థించుకోవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. కెమెరాలు వచ్చిన రెండు మూడు వారాలకు నాలో ఒక మార్పు గమనించాను. అంతకుముందు కీళ్ళ నొప్పుల వల్ల బెంచీ మీద కూర్చొని ప్రార్థించేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళూనుతున్నాను, అదీ చాలాసేపు. చేతులు ఎత్తుతున్నాను. మధ్యలో కునుకు వస్తే ఉలిక్కిపడి నిటారుగా అవుతున్నాను. ఆ వేళప్పుడు కార్యదర్శిగారు గాఢ నిద్రలో ఉంటారని నాకు తెలుసు. అయినా నా ప్రార్థన మారింది. బాగుపడిందని చెప్పుకోవడానికి మనసు ఒప్పలేదు.

అదే రోజుల్లో మరొకటి జరిగింది. కొడుకు చనిపోయిన నాటినుండి మా సంఘ సభ్యురాలైన ఒక వృద్ధురాలు మధ్యాహ్నం వేళ వచ్చి, మూడవ బెంచీలో కూర్చొని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చి వెళ్ళేది. ఆమె రావడం మానేసింది. ఇంటికి వెళ్ళి అడిగితే, "అయ్యగారూ, అక్కడ ఎవరో చూస్తున్నట్టుంటే నాకు ఏడుపు రావట్లేదండీ" అన్నది. "దేవుడు ఎప్పుడూ చూస్తూనే ఉన్నాడు కదమ్మా" అన్నాను, కాపరులు అలవాటుగా అనే మాట. "ఆయన చూస్తాడనే కదండీ అక్కడికొచ్చి ఏడ్చేది" అన్నది.

బి.డి. చదువులో నాకు ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పని తేడా అది. ఒక చూపు కింద మనిషి బిగుసుకుపోతాడు, మరొక చూపు కింద కరిగిపోతాడు. మన ప్రసంగాల్లో, సండే స్కూళ్ళలో, హాస్టళ్ళలో "దేవుడు చూస్తున్నాడు" అని చెప్పినప్పుడు ఈ రెండింటిలో ఏ చూపును గూర్చి చెబుతున్నామో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెప్పులు లేని వార్డెను, కిటికీలు మూసిన బురుజు

నేను చదువుకున్న మిషను హాస్టల్లో వార్డెన్‌గారు రాత్రిళ్ళు తనిఖీకి వచ్చేవారు. కిర్రుచెప్పుల చప్పుడు వినగానే దీపాలు ఆరిపోయేవి, మాటలు ఆగిపోయేవి. ఈ సంగతి గ్రహించిన ఆయన కొన్ని రాత్రులు చెప్పులు విడిచి రావడం మొదలుపెట్టారు. వారానికి ఒక్కసారే అలా వచ్చేవారనుకుంటాను. కాని ఏ రాత్రి వస్తారో తెలియదు గనుక ఏడు రాత్రులూ నిశ్శబ్దమే. ఆయన ఒక్క రాత్రి శ్రమతో ఏడు రాత్రుల భయం సంపాదించారు.

మా వార్డెన్‌గారికి తెలియకపోయినా, ఆ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఆంగ్లేయ తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ 1787లో రష్యా సామ్రాజ్యంలోని క్రిచెవ్‌లో ఉంటూ రాసిన ఉత్తరాల్లో "పానాప్టికన్" అనే చెరసాల నమూనాను వివరించాడు. అవి 1791లో అచ్చయ్యాయి. అసలు ఆలోచన అక్కడ పనివారిని నడిపిస్తున్న అతని తమ్ముడు శామ్యూల్‌ది. గుండ్రని భవనం, అంచు పొడుగునా గదులు, నడుమ ఒక బురుజు. గదుల్లో వెలుతురు పడుతుంది గనుక ఖైదీలు బురుజులోని కాపలాదారునికి కనబడతారు. బురుజు కిటికీలకు తెరలుంటాయి గనుక కాపలాదారుడు వారికి కనబడడు. అతడు లోపల ఉన్నాడో లేడో కూడ తెలియదు. అందుచేత ప్రతి ఖైదీ ఎల్లవేళలా తన్ను చూస్తున్నారన్నట్టే నడుచుకుంటాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి నాన్చి చివరకు దాన్ని కట్టలేదు. 1813లో బెంథామ్‌కు 23,000 పౌండ్ల పరిహారం ఇచ్చి ఊరుకుంది. ఫ్రెంచి ఆలోచనాపరుడు మిషెల్ ఫూకో 1975లో వెలువరించిన గ్రంథంలో ఈ కట్టని చెరసాలనే ఆధునిక సమాజానికి నమూనాగా చూపించాడు. పాఠశాల, కర్మాగారం, ఆసుపత్రి, సైనిక శిబిరం అన్నీ ఆ బురుజు సూత్రం మీదనే మనుషుల్ని తీర్చిదిద్దుతున్నాయని, చివరకు ఎవరి కాపలాదారుడు వారే అవుతారని అతని వాదన.

వేదాంత విద్యార్థులు ఇక్కడ ఆగి గమనించవలసిన సంగతి ఒకటుంది. బెంథామ్ తన చెరసాల పథకానికి శిరోవాక్యంగా 139వ కీర్తన మాటలను ఎంచుకున్నాడు. అవి ఇంగ్లండు సంఘపు ప్రార్థనా గ్రంథంలోని పాత అనువాదం లోనివి. ఆ అనువాదంలో దేవుడు మన మార్గాలను చూడడాన్ని తెలిపే క్రియకు "వేగు చూచుట" అని అర్థం. దావీదు పేర ఉన్న ఒక ఆరాధన గీతం జైలు గోడ మీది నినాదం కాబోయింది. ఇది బెంథామ్ ఒక్కడి పొరపాటేనా, లేక మన బోధలో అందుకు తావుందా?

పరిశోధనలు చెప్పేది

చూస్తున్నారని తెలిస్తే మనిషి మారతాడన్నది అందరికీ తెలిసిందే. చూసేది నిజమైన మనిషి కాకపోయినా మారతాడా? ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఒక విభాగం వారి టీ గదిలో డబ్బులు వేసే పెట్టె ఉండేది. ఎవరి పాలు, టీ, కాఫీ ఖర్చు వారే అందులో వేయాలి, అడిగేవారు లేరు. పరిశోధకులు పది వారాలపాటు ధరల పట్టిక పైన ఒక వారం పూల బొమ్మ, ఒక వారం కళ్ళ బొమ్మ మార్చి మార్చి అతికించారు. 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం, కళ్ళ బొమ్మ ఉన్న వారాల్లో వాడిన పాల లెక్కకు దాదాపు మూడు రెట్లు సొమ్ము పడింది. కాగితం మీది కళ్ళవి! ఈ కథ ప్రసంగాల్లో చెప్పుకోవడానికి ఇంపుగా ఉంటుంది గాని, ఆ తరువాత అనేక ప్రయోగాలను కలిపి 2017లో చేసిన సమీక్షలో బొమ్మ కళ్ళ వల్ల ఔదార్యం పెరుగుతుందనడానికి తగిన ఆధారం కనబడలేదు. ఒక్క టీ గదిని బట్టి సిద్ధాంతం కట్టకూడదు.

అదే విశ్వవిద్యాలయంలో జరిగిన మరొక ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గరది. సైకిళ్ళు నిలిపే మూడు చోట్ల, కళ్ళ బొమ్మతో, దొంగలను గమనిస్తున్నామన్న హెచ్చరిక బోర్డులు పెట్టారు. 2012లో వెలువడిన నివేదిక ప్రకారం ఆ మూడు చోట్ల దొంగతనాలు 62 శాతం తగ్గాయి. బోర్డులు లేని తక్కిన చోట్ల 65 శాతం పెరిగాయి. అంటే దొంగ మారలేదు, చోటు మారింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు మా హాస్టలే గుర్తొచ్చింది. వార్డెన్‌గారు చెప్పులు విడిచాక మా సిగరెట్లు గదిలోనుండి బావి గట్టుకు చేరాయి.

నిఘా నేరస్థులనే గాక నిర్దోషులనూ మారుస్తుంది. అమెరికా ప్రభుత్వం జరుపుతున్న విస్తృత ఇంటర్నెట్ నిఘా 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ ద్వారా బయటపడింది. ఆ తరువాత వికీపీడియాలో ఉగ్రవాదానికి సంబంధించిన వ్యాసాలు చదివేవారి సంఖ్య ఒక్కసారిగా తగ్గిందని 2016లో ఒక పరిశోధన చూపింది. అవి చదవడం ఎక్కడా నేరం కాదు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారు, మానేశారు. మా మూడవ బెంచీ సహోదరి చేసిందీ అదే.

లైప్‌జిగ్ దేవాలయం

సంఘమే నిఘా కింద ఉన్నప్పుడు ఏమౌతుందో తెలుసుకోవాలంటే తూర్పు జర్మనీ చరిత్ర చదవాలి. కోటి అరవై లక్షల జనాభా గల ఆ దేశంలో "స్టాసీ" అనే రహస్య భద్రతా శాఖకు 1989 నాటికి సుమారు 91,000 మంది ఉద్యోగులు ఉన్నారు. వారు గాక 1,70,000కు పైగా రహస్య సమాచారకులు ఉన్నారు. వారు పొరుగువారు, సహోద్యోగులు, స్నేహితులు. కొందరు పాస్టర్లు, సంఘ అధికారులు కూడ ఆ జాబితాలో ఉన్నారు. 1992 జనవరిలో ఎవరి ఫైళ్ళు వారు చూసుకునే అవకాశం వచ్చినప్పుడు సంఘాలకు సంఘాలే కుంగిపోయాయి. సంఘాల ఆశ్రయంలో పెరిగిన శాంతి ఉద్యమంలో పనిచేసిన వేరా వోలెన్‌బర్గర్ గురించి ఏళ్ళ తరబడి నివేదికలు పంపినవాడు ఆమె భర్తే అని తేలింది. వేగువాడు ఎవరో తెలియనప్పుడు ప్రతివాడూ వేగువాడే అవుతాడు. ఆ దేశంలో మనుషులు రెండు భాషలు నేర్చుకున్నారు, ఇంట్లో ఒకటి, బయట ఒకటి. ఇంట్లో కూడ గొంతు తగ్గించేవారు.

అయినా లైప్‌జిగ్ పట్టణంలోని సెయింట్ నికొలస్ దేవాలయంలో 1982 నుండి ప్రతి సోమవారం సాయంకాలం శాంతి ప్రార్థనలు జరుగుతూ వచ్చాయి. అక్కడికి స్టాసీ మనుషులు వస్తారని అందరికీ తెలుసు. 1989 అక్టోబరు 9న ప్రభుత్వం కాల్పులు జరుపుతుందన్న వదంతి పట్టణమంతా వ్యాపించింది. ఆ మధ్యాహ్నమే పాలక పార్టీకి చెందిన వందలాదిమందిని ముందుగా పంపి దేవాలయంలోని స్థలాలు నింపారు. కాపరి క్రిస్టియన్ ఫ్యూరర్ తలుపు మూయలేదు. గూఢచారులు వారం వారం వచ్చి కూర్చొని కొండమీద ప్రసంగం వింటూ వచ్చారని, అది వారికి వేరే ఎక్కడ దొరికేదని ఆయన తరువాత చెప్పుకున్నాడు. ప్రార్థన ముగిసి బయటికి వచ్చినవారితో పట్టణం కలిసింది. సుమారు 70,000 మంది కొవ్వొత్తులతో నడిచారు. తుపాకీ పేలలేదు. నెల రోజులకు బెర్లిన్ గోడ తెరుచుకుంది.

దీన్ని ఒక విజయగాథగా ముగించడం నాకు ఇష్టం లేదు. అదే సంఘంలో ఒక కాపరి తలుపు తెరిచి ఉంచాడు, మరొక కాపరి నివేదికలు రాశాడు. ఇద్దరూ ఒకే నిఘా కింద జీవించారు, ఒకే వేదం చదివారు. వారిద్దరి మధ్య తేడా ఎక్కడిదో వాక్యంలో వెదకాలి.

వాక్యంలో కన్ను

బైబిలు రచయితలకు నిఘా కొత్త కాదు. పర్షియా చక్రవర్తులకు "రాజుగారి కళ్ళు" అనే పరిశీలకులు ఉండేవారని, వారి భయం చేత జనం ఎక్కడ మాట్లాడినా రాజు వింటున్నట్టే జాగ్రత్తపడేవారని గ్రీకు రచయిత జెనొఫోను రాశాడు. జెకర్యా ప్రవచించింది ఆ సామ్రాజ్యంలోనే, దర్యావేషు కాలంలో. భూలోకమంతటా సంచరించే యెహోవా కన్నుల గురించి అతడు పలికినప్పుడు (4:10) శ్రోతలకు ఆ రాజుగారి కళ్ళు తప్పక స్ఫురించి ఉంటాయి. కాని జెకర్యాలో ఆ కన్నులు చూసి సంతోషించేది జెరుబ్బాబెలు చేతిలోని గుండునూలును. కొద్దిగా మొదలైన కట్టడపు పనిని చూసి ఆనందించే కన్నులవి. తప్పు పట్టి రాజుకు చేరవేసే కన్నులు కావు.

ఆదికాండము 16వ అధ్యాయంలో హెబ్రీ మూలాన్ని గమనిస్తే "అయిన్", అనగా కన్ను, అనే మాట పదే పదే వస్తుంది. హాగరు కన్నుల ఎదుట యజమానురాలు నీచమైపోయింది. శారయి కన్నులకు ఏది మంచిదో అది చేయమని అబ్రాము వదిలేశాడు. ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండే ఇల్లు అది. బానిస స్త్రీ ఆ కన్నుల నుండి పారిపోయి అరణ్యంలో ఒక నీటి బుగ్గ దగ్గర చేరింది. హెబ్రీ భాషలో బుగ్గకూ "అయిన్" అనే మాటే. తెలుగులో ఈ పోలిక కనబడదు, మనం చెప్పితేనే తెలుస్తుంది. ఆ బుగ్గ దగ్గర ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగినవాడు ఒకడున్నాడు. లేఖనంలో దేవునికి పేరు పెట్టిన మొదటి వ్యక్తి హాగరు. "ఎల్ రోయి", తన్ను చూచే దేవుడు. నిఘా నుండి పారిపోయిన స్త్రీ దేవునికి "చూచేవాడు" అని పేరు పెట్టిందంటే, ఆ చూపు తాను విడిచి వచ్చిన చూపులాంటిది కాదని ఆమెకు తెలిసిందన్నమాట. దేవుడామెను మరల ఆ ఇంటికే పొమ్మన్నాడన్నది కష్టమైన వచనం. దాన్ని నేను ఇక్కడ తేలిక చేయబోను.

139వ కీర్తనకు వద్దాం. ఆ కీర్తన మొదటి వచనంలో "పరిశోధించు" అనే అర్థమిచ్చే క్రియ పూర్తయిన పనిగా ఉంది. 23వ వచనంలో అదే క్రియ ప్రార్థనగా మారింది. నడుమ ఏడవ వచనంలో పారిపోవాలన్న ఆలోచన ఉంది. దేవుని చూపు తప్పించుకోవాలనుకున్నవాడే చివరకు నన్ను చూడు అని అడుగుతున్నాడు. బెంథామ్ చెరసాలలో ఏ ఖైదీ అయినా ఆ మాట అంటాడా? మూడవ వచనంలోని హెబ్రీ క్రియను, అతడు "వేగు చూచుట"గా చదువుకున్నదాన్ని, అనేక వ్యాఖ్యాతలు "తూర్పారబట్టు" అనే అర్థంలో గ్రహిస్తారు. కళ్ళం తెలిసిన మన విశ్వాసులకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. తూర్పారబట్టే రైతు చేట ఎత్తేది గింజ కోసం. వేగువాడికి కావలసింది పొల్లు మాత్రమే.

కొత్త నిబంధనలో కొలొస్సయులకు 3:22, ఎఫెసీయులకు 6:6లో పౌలు వాడిన "ఒఫ్తల్మొదూలియ" అనే గ్రీకు పదం ఈ చర్చకు కేంద్రం. "కన్ను", "దాస్యం" అనే మాటల సమాసం అది, అంటే యజమాని కన్ను ఉన్నంతసేపే చేసే పని. పౌలుకు ముందటి గ్రీకు రచనల్లో ఇది కనబడదంటారు. కెమెరా తయారుచేసేది సరిగ్గా దీన్నే. అయితే ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మన సంఘ సభ్యుల్లో చాలామంది తాతలు దొర కంటి ముందు వంగి పని చేసినవారు. దొర తల తిప్పినప్పుడు నడుము ఎత్తి ఊపిరి తీసుకున్నారు. దాన్ని కపటం అనడానికి నాకు నోరు రాదు, అది బ్రతుకు. అదే లేఖలో పౌలు యజమానులకూ పరలోకంలో యజమానుడున్నాడని గుర్తు చేశాడు (కొలొస్సయులకు 4:1). మనం దాసుల వచనం మీద చేసినన్ని ప్రసంగాలు యజమానుల వచనం మీద చేయలేదు.

యేసు ప్రభువు కూడ నిఘా కింద పరిచర్య చేశాడు. విశ్రాంతి దినాన ఆయనను కనిపెట్టి చూస్తూ ఉన్నారని లూకా 14:1 చెబుతుంది. 20:20లో నీతిమంతుల వేషంతో వేగులవారు వచ్చారు. కంటి దాస్యం చేసింది వేగులవారే, వేషం వేసినవారు వారే. చూడబడినవాడు ఎదుట ఉన్న జలోదర రోగిని బాగుచేశాడు. దానియేలు సంగతీ అంతే. శత్రువులు కాచుకొని ఉన్నారని తెలిసి అతడు కిటికీలు మూయలేదు, చూపించడానికి కొత్తగా తెరవనూ లేదు. మునుపు చేసినట్టే చేశాడని వచనం ప్రత్యేకంగా పేర్కొంటుంది (6:10). నా మోకాళ్ళు కెమెరా ముందు చేయలేకపోయిన పని అది.

మన సంఘాల్లో

ఇంత చెప్పి కెమెరాలు తీసి పారేయండి అనడం నా ఉద్దేశం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం పెద్ద సంఖ్యలో కూడే స్థలాల్లో కెమెరాలు అమర్చి 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలని విధించింది. ప్రార్థనా స్థలాలు అందుకు మినహాయింపు కావు. హైదరాబాదు పోలీసులు "నేను సైతం" పేరుతో కాలనీల చేత కెమెరాలు పెట్టించారు. పిల్లలుండే హాస్టళ్ళలో పెద్దల ప్రవర్తన ఎవరికీ కనబడకుండా ఉండడం ఎంత ప్రమాదమో మనకు తెలుసు. ఆ విషయంలో వరండాలో ఒక కెమెరా ఎక్కువ కాదు. డబ్బు విషయంలో పౌలు చాలా జాగ్రత్తపడ్డాడు. యెరూషలేము చందాను ఒంటరిగా మోయక, సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకున్నాడు, ప్రభువు ఎదుటనే గాక మనుషుల ఎదుట కూడ యోగ్యంగా ఉండాలని (2 కొరింథీయులకు 8:19-21). అయితే అక్కడ చూసేవారు ఎవరో పౌలుకు తెలుసు, వారిని తానే కోరుకున్నాడు, ఒకే పడవలో ప్రయాణించినవారు వారు. బురుజులోని కాపలాదారునికి ఈ మూడూ లేవు. మా పెట్టె పగిలినప్పుడు కెమెరాకు ముందే మేము అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండేది: కానుకలు ఆదివారం సాయంకాలమే ఇద్దరు కలిసి లెక్కించి బ్యాంకులో వేయక, వారమంతా పెట్టెలో ఎందుకు ఉంచాం? ఆ ప్రశ్న ఎవరమూ వేయలేదు. నేనూ వేయలేదు.

సండే స్కూలు ఉపాధ్యాయులతో కూడ ఈ మధ్య మాట్లాడాను. అల్లరి చేసే బిడ్డను "దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అని అదిలించడం అందరికీ అలవాటే. తప్పు చేసినప్పుడు మాత్రమే దేవుని చూపు గుర్తు చేస్తే, ఆ బిడ్డకు దేవుడు చెప్పులు విడిచి వచ్చే వార్డెనుగానే మిగిలిపోతాడు. మత్తయి 6వ అధ్యాయంలో రహస్యమందు చూచే తండ్రి గురించి ప్రభువు చెప్పింది భిక్ష, ప్రార్థన, ఉపవాసాల సందర్భంలో, అంటే ఎవరూ చూడని మంచి పనుల సందర్భంలో. ఆ చోట్ల ఆ మాట పిల్లలకు మనం ఎన్నిసార్లు చెప్పాం? పక్కవాడికి పెన్సిలు ఇచ్చిన బిడ్డతో ఆ మాట అనమని ఒక ఉపాధ్యాయురాలిని అడిగాను. ఆమె నవ్వి, "అలా అంటే పిల్లలు వింతగా చూస్తారు అయ్యగారూ" అన్నారు. మనం ఏం నేర్పి ఉన్నామో ఆ వింతే చెబుతోంది.

2019లో కమిటీ నా మనవి విని, ప్రసంగ వేదిక మీది కెమెరాను తీయించింది. గేటు, కానుకల పెట్టె, వెనుక తలుపు కెమెరాలు ఉన్నాయి. దృశ్యాలు ఎవరూ సెల్‌ఫోనులో చూడకూడదని, ఏదైనా జరిగితే ఇద్దరు కమిటీ సభ్యులు కలిసి మాత్రమే చూడాలని మినిట్స్‌లో రాసుకున్నాం. ఆ సహోదరి ఇంటికి వెళ్ళి చెప్పాను. రెండు వారాలకు వచ్చింది, కాని మూడవ బెంచీలో కూర్చోలేదు; స్తంభం చాటున కూర్చొన్నది. ఈ ఏడు బడ్జెట్ సమావేశంలో నాలుగవ కెమెరా తిరిగి పెట్టాలన్న ప్రతిపాదన మళ్ళీ వచ్చింది, వచ్చే నెల చర్చకు రానుంది. ప్రతిపాదించిన యౌవనస్థుడు మంచివాడు, కారణాలు కూడ బాగానే చెప్పాడు. ఓటుకు ముందు అతణ్ణి ఒక తెల్లవారుజామున నాతో ప్రార్థనకు రమ్మని పిలిచాను.